తెల్వదు అనొద్దు

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాణ్ణని చెబితే ఆబిడ్స్‌లో ఎవడూ నమ్మడు. "ఎన్ని గోల్స్ కొట్టినవే అన్నా?" అని అడుగుతారు. నా ఖర్మ! మా ఆటలో బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, ఎదుటివాళ్ళు మీదపడి ఆపుతారు. నేనైతే ఆ బంతిని ముట్టుకున్నదే తక్కువ. ముందు వరసలో వంగి నిలబడి, ఎదురుగా ఉన్నవాణ్ణి తలతో, భుజాలతో గుద్ది మావాడికి దారి చేయడమే నా పని. మన దగ్గర కొత్తగా మొదలైన లీగ్‌వాళ్ళు దానికి నెలనెలా జీతం ఇచ్చారు. మెదక్‌లో కబడ్డీ ఆడుకునేవాడికి జీతం, హెల్మెట్, పైగా కెమెరాలు! మా అమ్మ చర్చిలో లేచి నిలబడి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. ఆ లీగ్ ఎక్కువ కాలం నడవలేదు. మూతపడ్డాక ఆబిడ్స్‌లో ఆటసామాన్ల దుకాణంలో చేరి, ఇప్పటికీ క్రికెట్ బ్యాట్లు అమ్ముతున్నాను.

గుద్దుకున్నప్పుడు పట్టపగలే చుక్కలు కనబడేవి. మాటవరసకు కాదు, నిజంగానే. కోచ్ పరిగెత్తుకొచ్చి, ఇప్పుడు ఎన్నో క్వార్టర్ నడుస్తోందని అడిగేవాడు. ఆటకి నాలుగు భాగాలు. తెలియదన్నామా, బెంచీ మీద కూర్చోబెట్టేస్తాడు. ఒకసారి కూర్చున్నవాడి చోటు ఇంకొకడిదైపోతుంది. అందుకే చాదర్‌ఘాట్ నుంచి వచ్చే నా దోస్తు కోచ్ వెనక నిలబడి, ఛాతీ మీద వేళ్ళు చూపించేవాడు. మూడు వేళ్ళయితే మూడో క్వార్టర్. "వాడు ఏమన్న అడగనీ, తెల్వదు అని మాత్రం అనొద్దు రా బై" అని వాడే నేర్పాడు. వాడికి చుక్కలు కనబడ్డ రోజు నేను వేళ్ళు చూపించాను. పెళ్ళయ్యాక ఈ ముచ్చట మా ఆవిడకి ఎన్నిసార్లు గొప్పగా చెప్పి నవ్వించానో.

మా పాప బడి కూడా ఆబిడ్స్‌లోనే. సాయంత్రం నేనే దాన్ని నాంపల్లిలో మా ఇంటికి నడిపించుకొస్తాను. రోడ్డు దాటేటప్పుడు దాని మణికట్టు పట్టుకుంటాను. పిల్లల వేళ్ళు జారిపోతాయని నాకు భయం. ఈమధ్య ఒకరోజు నాంపల్లి స్టేషన్ దగ్గర సిగ్నల్ పడితే ఆగాను. పచ్చలైటు వెలిగింది. జనం కదిలారు. నేను కదల్లేదు. ఎటు పోవాలి? బండి మీద బత్తాయిలు అమ్మేవాడు తెలుసు, స్టేషన్ తెలుసు, ఎదురుగా ఆగిన బస్సు ఎక్కడికి పోతుందో కూడా తెలుసు. మా ఇల్లు ఎటో మాత్రం అంతుచిక్కలేదు. పాప తలెత్తి చూస్తోంది.

"బేటా, ఇయ్యాల డాడీని నువ్వే తీస్కపోవాలె. ఇల్లు ఎటో చెప్పు సూద్దాం!" అన్నాను.

అది సంబరంగా వేలు చూపించింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత దారి తెలిసిన రోజు కూడా అడిగేవాణ్ణి. అడక్కుండా అడుగేసి తప్పితే ఏం గాను? మధ్యాహ్నం దుకాణంలో బ్యాటు చూపిస్తూ కూడా ఆ సిగ్నలే తలచుకునేవాణ్ణి.

అనుకున్నంతా అయింది. ఒకరోజు పాప చిలిపిగా అవతలి రోడ్డు చూపించింది. నేను నడిచాను. సిగ్నల్ అప్పుడే మారిందని చూసుకోలేదు. బస్సు హారన్ చెవి పక్కనే మోగింది. పాపను వెనక్కి లాగేసరికి నా చొక్కా బస్సు పక్కద్దానికి రాసుకుంది. "దిమాక్ ఉన్నదా? పిల్లను జంపుతవా ఏంది?" అని డ్రైవర్ తిట్టాడు. ఏం తప్పు తిట్టాడు?

ఇంటికొచ్చి పాప చెప్పేసింది. "డాడీ ఓడిపోయిండు మమ్మీ! రాంగ్ చూపిస్తే గటే వచ్చిండు. రోజూ నన్నే అడుగుతడు."

మా ఆవిడది గుంటూరు వైపు. కోపం వస్తే గొంతు తగ్గుతుంది. అన్నం వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది.

"అప్పుడా చాదర్‌ఘాట్ అబ్బాయి. ఇప్పుడు కన్నబిడ్డని నిలబెట్టారా కోచ్ వెనకాల?"

"ఏం గాలేదు, ఊకో. ఫికర్ జెయ్యకు" అన్నాను.

"నోరు ముయ్యండి" అంది. పెళ్ళైన తర్వాత నన్ను ఆ మాట అనడం అదే మొదలు. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తలకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని ఆయన అడిగితే లేదన్నాను. అబద్ధం చెప్పాననుకోలేదు. రక్తం కారితేనే మాకు దెబ్బ. చుక్కలు కనబడడం ఆటలో భాగం. మా ఆవిడ పళ్ళు కొరికి, చుక్కల సంగతంతా విప్పి చెప్పింది. ఆయన కలం పక్కన పెట్టి నావైపు తిరిగాడు.

"ఇవాళ ఏం వారమండీ?"

మా ఆవిడ ఆయన కుర్చీ వెనకే నిలబడి ఉంది. సిగ్గు లేని నా కళ్ళు తిన్నగా ఆమె చేతుల మీదికే పోయాయి. ఆమె చూసింది. రెండు చేతులూ కొంగులో దాచేసుకుంది.

"తెల్వదు సార్" అన్నాను.

ఇన్నేళ్ళకి ఆ మాట అన్నాను. ఆయన కోప్పడలేదు. స్కాన్ తీయాలి, అప్పటిదాకా పాపతో ఒంటరిగా రోడ్డు మీదికి వెళ్ళొద్దన్నాడు. ఏ బెంచీకి భయపడ్డానో అదే వచ్చింది.

మర్నాడు సాయంత్రం బడికి మా ఆవిడ కూడా వచ్చింది. సిగ్నల్ దగ్గర నా వేళ్ళు పట్టుకున్న పాప అలవాటుగా ఆగి, రెండో చేతి వేలు సిద్ధంగా పెట్టుకుని నావైపు చూసింది. నేను దాని ముందు కూర్చున్నాను.

"ఆట కాదు బేటా. డాడీకి నిజంగనే తెల్వదు."

అది పకపకా నవ్వింది. తర్వాత వాళ్ళమ్మ ముఖం చూసింది. నవ్వు ఆగిపోయింది. పచ్చలైటు వెలగగానే నా వేళ్ళు వదిలేసి, రెండు చేతులతో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.