ముందు సీటు చెవి

ముందే ఒప్పుకుంటున్నాను: చీమ గురించి అడిగితే నా నోట ఏనుగు నడిచివస్తుంది. ఈ నివాళిలోనూ ఒక కల్పన ఉంది. అదేమిటో చివర నేనే చెబుతాను. అంతదాకా నా ఆగ్రహాన్ని మాత్రం అక్షరసత్యంగా భావించండి.

పటాన్‌చెరు సర్వీసు రోడ్డు మెకానిక్ యాదగిరి ఇక లేడు. రుద్రారం దగ్గర ఈ దుర్వార్త విని కారు పక్కకు ఆపాను. గుండెపోటట. ఏ పాత లారీ కూడా ఆయనకు ముందు మూలిగి చెప్పకుండా ఆగలేదు. సొంత గుండె ఇంత ద్రోహం చేస్తుందా!

బండి అడుగున పుట్టే చప్పుడు జాడ పట్టడం ఆయన విద్య. వచ్చినవారు ఎంతటివారైనా ఆ చప్పుడును నోటితో చేసి చూపాలి. "పార్టు పేరు నువ్వు చెప్పకు, సప్పుడు చెప్పు" అనేవాడు. ఒక ఫ్యాక్టరీ మేనేజరు టై సర్దుకుని "కట కట కట" అని ప్రదర్శిస్తే, పక్క షెడ్డు కోళ్లు వేళ కాని వేళ గుడ్లు పెట్టాయి. మలుపులోనా, సీదా రోడ్డు మీదా అని యాదగిరి ఆరా తీశాడు. మలుపులో అనగానే చక్రం దగ్గరి యాక్సిల్ జాయింటని తేల్చి, తన చెవులను తానే మెచ్చుకున్నాడు. వినయం ఆ మహానుభావుడి ఛాయలకు రాలేదు.

అయితే ఆ చెవులు రెండు కావు, నాలుగు. ముందు కూర్చున్నవాడికి వెనక ఇరుసు గొంతు వినబడదని ఆయన సిద్ధాంతం. అందుకే ఏ బండినైనా పరీక్షించేటప్పుడు డ్రైవరు పక్కన తాను, వెనక సీటులో అర్ధాంగి బాలమణి. ముత్తంగి దాకా మౌనయాత్ర. తిరిగొచ్చి ఎవరు విన్నది వారు చెప్పి, షెడ్డు ముందు ఘోరంగా పోట్లాడుకుని, అప్పుడు తీర్పు ఇచ్చేవారు. మొగుడూ పెళ్లాలు షికారు పోతున్నారని నవ్వినవారే తర్వాత బండి తోసుకుంటూ వచ్చేవారు.

అలాంటి మనిషి దినాల భోజనాలలో, జోగిపేట ధాన్యం సేటు పెరుగు వేయించుకుంటూ బిగ్గరగా అన్నాడు: "ఆఖర్ల యాదగిరికి చెవులు పోయినయి. ముందటి చక్రం బేరింగ్ అన్నడు, మార్పించిన. నా బండి ఇంక మూల్గుతనే ఉన్నది."

వంటశాలలో సాంబారు కంటే ముందు నా రక్తం మరిగింది. యాదగిరి పుణ్యాన ఏళ్లుగా బండ్లు నడుపుతున్న పెద్దమనుషులు నోట్లో ముద్దతోనే తలలూపారు! షెడ్డును తానే నడుపుతానని బాలమణి ఆ పొద్దునే పనివాళ్లకు చెప్పింది. సేటు మాట నిలిచిందా, ఆ షెడ్డు వైపు ఒక్క బండీ మళ్లదు.

ఆమె లోపలినుంచి వచ్చి నిలబడింది. "సేటూ, ఆ దినం నన్ను ఎనక కూసోనిచ్చినవా?"

సేటు పెరుగులోకి చూశాడు. కొత్త సీటు కవర్లకు నూనె మరకల చీర తగులుతుందని ఆ రోజు ఆమెను ఎక్కనివ్వలేదు.

"ముందటిదే చెప్తున్న, ఎనకది నాకు తెల్వదని మా ఆయన చెప్పిండా లేదా? లే, బండి తియ్యి."

దినాల నాడు గడప దాటకూడదని కులపెద్ద అడ్డుపడ్డాడు.

"మాట పడ్డది ఆయన. నేను ఇంట్ల కూసుంటే అది పోతదా, పెదనాయినా?" అని వెళ్లి వెనక సీటులో కూర్చుంది.

సేటు నడిపాడు. యాదగిరి స్థానంలో నేను. ప్రాణమంతా చెవుల్లో పెట్టినా నాకేమీ తెలియలేదు. తిరిగొచ్చాక అందరి ముందూ ఆమె నన్నడిగింది: "అన్నా, ముందట ఏమన్న ఇనవడ్డదా?"

సిగ్గుతో తల అడ్డంగా ఊపాను.

"గదే. ముందటి సప్పుడు పోయింది, ఆయన మార్పిచ్చిన బేరింగ్ అది. ఇప్పటి సప్పుడు ఎనకది. యాక్సిలేటర్ మీదికెల్లి కాలు తీస్తే ఏడుస్తది, తొక్కితే ఊకుంటది. ఎనక ఇరుసు నడుమ డిఫరెన్షియల్ చూపిచ్చుకో, సేటూ."

సేటు యాదగిరి పటం ముందు చేతులు జోడించి, తప్పయిందని కన్నీరు పెట్టుకున్నాడు.

ఇప్పుడు షెడ్డుకు బండ్లు వస్తున్నాయి. ముందు సీటులో పనివాళ్లు వంతులవారీగా కూర్చుంటున్నారు. బాలమణి ఏం చెప్పినా సరే అంటున్నారు. కాదని నడిరోడ్డు మీద ఆమెతో పోట్లాడే విద్వాంసుడు మళ్లీ పుట్టడు. ఆ చెవులకు నా నమస్సులు.

ఇక నా కల్పన. కోళ్ల సంగతి నిజమే, పక్క షెడ్డులో విచారించుకోండి. సేటు క్షమాపణే నేను కల్పించింది. ఆయన పటం వైపు కన్నెత్తి చూడలేదు. బండెక్కి, జోగిపేట దారి పట్టాడు. మూలమలుపు దగ్గర కాలు తీసినట్టున్నాడు. బండి ఏడ్చింది. తలలూపిన పెద్దమనుషులందరూ విన్నారు.