సాయమ్మ తెచ్చిన గోలీలు

బాలనర్సయ్య రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఏళ్ల తరబడి నిలబడే ఉద్యోగం కావడంతో మోకాళ్లు అరిగిపోయాయి. ప్రగతి నగర్ అపార్ట్‌మెంట్లలో వంట చేసే భార్య సాయమ్మ, ఇంటికి వస్తూ మెడికల్ షాపులో నొప్పి గోలీలు కొనుక్కొచ్చేది. పొద్దున్నే ఖాళీ కడుపు మీద ఒకటి వేసుకుని ఆయన డ్యూటీకి బయల్దేరేవాడు. కడుపులో మంట పుడితే సోడా తాగి ఊరుకునేవాడు.

మొన్నటి వేసవిలో ఒక ఉదయం, కారుకు గేటు తీస్తూ కడుపు పట్టుకుని కూలబడిపోయాడు. దవాఖానకు తీసుకెళ్తే, పుండు ముదిరి కడుపుకు చిల్లు పడిందని డాక్టర్లు వెంటనే ఆపరేషన్ చేశారు.

కాస్త కోలుకున్నాక ఎలిజబెత్ అనే నర్సు మంచం పక్కకు వచ్చింది. నొప్పి మందులకూ కడుపు చిల్లులకూ ఉన్న సంబంధంపై అక్కడి డాక్టర్లు పరిశోధన చేస్తున్నారు. వేరే జబ్బులతో చేరినవాళ్లనూ ఇవే ప్రశ్నలు అడిగి పోల్చి చూస్తారని చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే మొదలుపెట్టింది.

"నొప్పి మాత్రలేమైనా వాడేవారా అండి?"

"లేదమ్మా. ఏ గోలీ ఏసుకోలే."

గంజి పట్టుకుని అప్పుడే వచ్చిన సాయమ్మ గుమ్మంలోనే ఆగింది. "గట్లెందుకు చెప్తున్నవ్? నేనే తెచ్చిచ్చిన గద."

బాలనర్సయ్య గోడవైపు తిరిగాడు. "నువ్వు తెచ్చినవంటే అందరు నిన్నే అంటరు."

ఎలిజబెత్ పెన్ను పక్కన పెట్టింది. "ఎవర్నీ తప్పుపట్టడానికి కాదండి. పేర్లు బయటికి రావు. కానీ వాడినవాళ్లు వాడలేదంటే, ఈ మాత్రల వల్ల ఎంత హాని జరుగుతోందో మాకు తెలియకుండా పోతుంది."

ఆయన మళ్లీ ఇటు తిరిగాడు. తర్వాత అంతా చెప్పాడు. సాయమ్మ కళ్లు తుడుచుకుంటుంటే మెల్లగా అన్నాడు: "ఆ గోలీలు లేకుంటే నేను నిలబడేటోణ్ణే గాదు. నువ్వు నా మంచికే తెచ్చినవ్."

వెళ్లబోతూ ఎలిజబెత్ సాయమ్మను అడిగింది. "మీరు కూడా వేసుకుంటారా అమ్మా?"

"నడుం నొస్తే ఏసుకుంట. ఈ మధ్య రోజూ."

"కడుపులో మంట ఉంటుందా?"

సాయమ్మ తలూపింది. బాలనర్సయ్య ఉలిక్కిపడి భార్యను చూశాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆమెకు పరీక్ష చేయించేదాకా ఊరుకోలేదు. నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూస్తే చిన్న పుండు కనిపించింది. గోలీలు మాన్పించి మందులిచ్చారు, పుండు మానిపోయింది.

బాలనర్సయ్య మళ్లీ పనిలో చేరాడు. సూపర్‌వైజర్ ఆయనను కెమెరాల గదిలో కూర్చోబెట్టాడు. మోకాళ్లు ఇంకా నొస్తూనే ఉన్నాయి. సాయంత్రాలు భార్యాభర్తలిద్దరూ డాక్టరు చెప్పిన కసరత్తులు చేస్తారు. ఆమె కాలు సరిగా చాపలేదని ఆయన, ఆయన మధ్యలోనే మానేశాడని ఆమె పోట్లాడుకుంటారు.