ఆరుగురి బల్ల

నాలుగు గాజు మేడల మధ్య నున్నటి రాతిపలకలు పరిచిన ఖాళీ జాగా అది. సాయంత్రం ఐదున్నరకి మేడలు మనుషుల్ని బయటికి వదుల్తాయి. వాళ్లు గ్లాసులు పట్టుకుని నిలబడతారు. దాన్ని కలుసుకోవడం అంటారు. అక్కడ నీడలు కూడా ఒకదాన్నొకటి తాకకుండా పడతాయి.

పిన్ని నాలుగేళ్లుగా అక్కడ నేల తుడుస్తోంది. తోటిపనివాళ్లందరికీ ఆమె పిన్నే, తనకన్నా పెద్దవాళ్లకి కూడా. నేల తుడిచేవాళ్లకి మనుషులు కిందనుంచి తెలుస్తారు. ఎవరి మడమ పారిపోవడానికి సిద్ధంగా ఉందో ఆమె ఇట్టే చెప్పేస్తుంది.

"నోరు ఈయనతో మాట్లాడుతుంటుంది వదినా, పాదం అప్పుడే ఇంకో పెద్దాయన వైపు తిరిగిపోయి ఉంటుంది," అనేది.

వదిన అంటే ఆమె అన్న భార్య. ఎదుటి మేడలో అద్దాలు తుడుస్తుంది. ఇద్దరి ఇళ్లూ ఊరికి చెరో చివర. వాళ్లిద్దరూ, ఇంకో నలుగురు ఆడవాళ్లూ రోజూ ఒంటిగంటకి కొళాయి పక్కనున్న పొడుగు చెక్కబల్ల దగ్గర డబ్బాలు విప్పుకునేవాళ్లు. అరగంట. ఒకరి కూర ఇంకొకరి మూతలోకి, ఒకరి కూతురి జ్వరం ఆరుగురి గుండెల్లోకి. అంత పెద్ద జాగాలో మనిషిని మనిషి కలుసుకునే చోటు అదొక్కటే.

ఆ బల్లని తీసేస్తున్నారని మంగళవారం తెలిసింది. బదులుగా గుండ్రటి ఎత్తుబల్లలు వస్తాయట, నిలబడి మాట్లాడుకోవడానికి. కూర్చుంటే జనం ఒకళ్ల దగ్గరే ఉండిపోతున్నారట. కలుపుగోలుతనం తగ్గిపోతోందట.

"మీ మేనేజరుకి చెప్పి చూడవే," అంది వదిన.

"చెప్పాను. ఫోన్లోంచి తలెత్తలేదు. 'కాళ్లెత్తండి సార్' అంటే మాత్రం టక్కున ఎత్తుతాడు, మహానుభావుడు."

గురువారం పరిచయాల సాయంత్రం. వచ్చినవాళ్లంతా పేరూ హోదా రాసిన కార్డు మెళ్లో వేసుకుంటారు. ముందు కార్డు చదవడం, ఎంత నవ్వాలో దాన్నిబట్టి తేల్చుకోవడం అక్కడి మర్యాద. రాని అతిథుల కార్డులు గుమ్మం దగ్గర ట్రేలో మిగిలిపోతాయి. వాటిని పారెయ్యడం పిన్ని పని. ఆ వేళ ఒకటి పారెయ్యలేదు. ఏప్రాన్ విప్పేసి, ఆ కార్డు మెళ్లో వేసుకుంది. ఏదో కంపెనీ డైరెక్టరుగారిది.

"ఉద్యోగం ఊడుతుందే," అంది వదిన తలుపు వెనకనుంచి.

"ఎవరైనా నా మొహం చూస్తే కదా."

నాలుగడుగులు వెయ్యకముందే ముగ్గురు ఆపారు. ఒకాయన మిమ్మల్నెక్కడో చూశానన్నాడు. నిజమే, పొద్దున అతని ఎంగిలి కప్పు తీసింది పిన్నే. ఒకావిడ, మనం విమానంలో కలిశాం కదండీ అని చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఈలోగా మేనేజరే ఎదురొచ్చాడు. అతని చూపు ఆమె మెడకింద కార్డు మీద వాలి అక్కడే కాపురం పెట్టింది.

"నమస్కారం మేడమ్. ఏర్పాట్లన్నీ బావున్నాయా?"

"ఆ కొళాయి పక్క బల్ల తీయించకండి. ఆరుగురు కూర్చుని తింటారక్కడ."

"మీ టీమా మేడమ్?"

"మా వాళ్లే."

"ఎంత మంచి ఆలోచన. నేను దగ్గరుండి చూసుకుంటాను," అని కార్డుతో చెప్పి, ఆమెతో చెయ్యి కలిపాడు.

నాలుగేళ్లుగా అతని కుర్చీ కింద ఆమె తుడిచిన నేలంతా ఒక్కచోట పరిస్తే సముద్రందాకా పోతుంది. అన్నేళ్లూ కనిపించని మనిషి ఒక అట్టముక్క వెనక నిలబడగానే మేడమ్ అయిపోయింది. ఈ సంగతి తల్చుకుని నవ్వుకుందామనుకుంది పిన్ని. రోత పుట్టింది. కొళాయి దగ్గరికెళ్లి రెండుసార్లు చెయ్యి కడుక్కుంది.

శుక్రవారం గుండ్రటి బల్లలు వచ్చాయి, కొంగల్లా ఒంటికాలి మీద నిలబడి. పొడుగు బల్ల కదల్లేదు. దాని చుట్టూ మాత్రం నాలుగు ఇత్తడి స్తంభాలు, ఎర్రతాడు, 'ప్రత్యేక అతిథులకు మాత్రమే' అని ఓ బోర్డు. వదిన డబ్బా చంకలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇప్పుడేం చేద్దామే?"

"ఏముంది, తిందాం," అంటూ పిన్ని తాడు కొక్కెం తీసింది.

ఆరుగురూ కూర్చున్నారు. మూతలు తెరుచుకున్నాయి. మేనేజరు ఫోన్ చూసుకుంటూ పక్కనుంచే వెళ్లిపోయాడు. రెండింటికల్లా ఆ ఎర్రతాడు మీద ఆరు తడిగుడ్డలు ఎండకి ఆరుతున్నాయి.