సోమశిల నీళ్లలో నేను పట్టుకున్న చెయ్యి

మా వాళ్లందరి దృష్టిలో నేను చెల్లెలి ప్రాణం కాపాడిన అక్కను. పెళ్లికో పేరంటానికో పోతే, కొత్తవాళ్లు కనిపించగానే మా పెద్దమ్మ నన్ను ముందుకు తోసి ఆ సంగతి మొదలుపెడుతుంది. నేను తల వంచుకుంటాను. వాళ్లు దాన్ని అణకువ అనుకుంటారు. కాదు. ఆ మాట విన్న ప్రతిసారీ నా మెడ మీద ఎవరో రాయి పెట్టినట్టుంటుంది. ఏళ్లు గడిచినా అది దిగలేదు. నిద్రలో కూడా దిగలేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు రాయను. చెల్లెల్ని సుజాత అంటాను. అసలు పేరు అది కాదు.

మాది గద్వాల. నాన్న చీరలు నేసేవాడు. రోజంతా గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చోవడంతో ఆయన మోకాళ్లు పట్టేసేవి. నది అగ్రహారం అనే ఊరి దగ్గర కృష్ణలో దిగి కాసేపు ఈదితేనే తగ్గుతాయని ఆయన నమ్మకం. పోయినప్పుడల్లా నన్నూ వెంట తీసుకుపోయేవాడు. అలా నాకు ఈత వచ్చింది. సుజాతకు నేర్పింది మాత్రం నేనే. పొట్ట కింద చెయ్యి పెట్టి, పట్టుకునే ఉన్నానని నమ్మించి, కాళ్లు కొడుతుండగా మెల్లగా చెయ్యి తీసేశాను. తను గమనించలేదు. ఈదుకుంటూ పోయింది. ఆ రోజు నాకంటే సంతోషపడ్డవాళ్లు ఎవరూ లేరు. ఇది నిజం. ఇది కూడా నిజమే అని మీరు నమ్మాలి.

వనపర్తి నుంచి ఈత నేర్పే సారు ఒకాయన మా వైపు వచ్చేవాడు. ఆయన మొదట ఎంచుకున్నది నన్ను. ఏడాదిన్నర పాటు నాకు నేర్పాడు. ఇంతలో సంబంధం కుదిరింది, పెళ్లయింది, నేను వనపర్తికి కోడలిగా వచ్చాను. ఈత మానేయమని నాతో ఎవరూ అనలేదు. అని ఉంటే బాగుండేదేమో, కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. ఎవరూ ఏమీ అనలేదు. అడగనూ లేదు. అంతే, ఆగిపోయింది. ఆ తర్వాత సారు సుజాతను తీసుకున్నాడు.

తను నాకంటే మొండిది. మూడు నాలుగేళ్లలో మా జిల్లాల్లో ఆడపిల్లలెవరూ ఈదనంత దూరం ఈదడం మొదలుపెట్టింది. ఒకసారి వానలు బాగా పడి శ్రీశైలం డ్యాం వెనుక నీళ్లు నిండిన ఏడు, మంచాలకట్ట నుంచి సోమశిల దాకా ఆగకుండా ఈదించాలని సారు నిర్ణయించాడు. అది పూర్తిచేస్తే మరుసటి ఏడు ముంబయి తీసుకుపోయి సముద్రంలో ఈదిస్తానన్నాడు. మా ఇంట్లో అప్పటికి సముద్రం చూసినవాళ్లు ఎవరూ లేరు.

నియమం ఒక్కటే. ఒడ్డు చేరేదాకా ఈదే మనిషి పడవను ముట్టుకోకూడదు, ఇంకో మనిషిని ముట్టుకోకూడదు. ఎవరు ముట్టుకున్నా సరే, ఈత అక్కడితో అయిపోయినట్టే.

రెండు ఇంజను పడవలు మాట్లాడారు. ఒకదాంట్లో సారు, ఆయన మనుషులు ఇద్దరు. రెండోదాంట్లో నేను, పడవ నడిపే మల్లయ్య. సారు వేరే ఎవరినో కూర్చోబెడతానంటే సుజాత ఒప్పుకోలేదు. "అక్క ఉంటెనే దిగుత," అంది. నా పని ఏమిటంటే, పొడుగాటి కట్టెకు సీసా కట్టి గ్లూకోజు నీళ్లు, రాగిజావ అందించాలి, తన చేతుల ఊపు చూస్తుండాలి, పక్కకు పోతుంటే కేకేయాలి. తనకు దారి కనిపించదు కదా. నన్ను చూసుకుంటూ ఈదాలి.

పొద్దున్నే దిగింది. ముసురు పట్టి ఉంది. మొదటి గంటలో నాకు గర్వంగానే ఉంది. అలా అనే గుర్తు. తర్వాత ఎప్పుడు మారిందో చెప్పలేను. నేను పడవలో చీర కట్టుకుని, తల మీద తువ్వాల కప్పుకుని కూర్చున్నాను. తను నీళ్లలో ఉంది. చెయ్యి లేస్తోంది, పడుతోంది. ఆ చెయ్యి తిప్పే తీరు నాది. నేను నేర్పిందే. సీసా అందించిన ప్రతిసారీ తన ముఖం చూసేదాన్ని, అలసిపోయిందేమోనని. జాలితో చూశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. జాలి కాదు. ఎక్కడో ఒకచోట ఆగిపోతుందని ఎదురుచూశాను.

ఆగలేదు.

మధ్యాహ్నం దాటాక సారు పడవ మా పక్కకు వచ్చింది. ఆయన తన మనుషులతో మాట్లాడుతున్న మాటలు నాకు వినిపించాయి. "పెద్దామెకు చేతులు మంచిగుండె గని దమ్ము లేకుండె. ఈ పిల్ల వేరే." నన్ను నొప్పించాలని అనలేదు. ఆ పెద్దామె అక్కడే కూర్చుని ఉన్నదన్న ధ్యాస కూడా ఆయనకు లేదు. ఒడ్డు దగ్గర జనాన్ని పక్కకు జరపాలి, మెల్లగా తీసుకురండి అని మాకు చెప్పి, పడవ ముందుకు పోనిచ్చాడు.

ఆ మాట వల్లే చేశానని చెబితే నాకు సులువు. కానీ ఆ మాట లేకపోయినా చేసేదాన్నేమో. ఎన్నిసార్లు తవ్వుకున్నా అడుగు తగలదు.

సోమశిల ఒడ్డు కనిపిస్తోంది. రంగురంగుల చీరలు, గొడుగులు. డప్పు చప్పుడు వినిపిస్తోంది. నాన్న మెట్ల మీద నిలబడి తువ్వాల ఊపుతున్నాడు. చివరిసారి జావ తాగించడానికి మల్లయ్య ఇంజను ఆపాడు. సుజాత తాగింది. సీసా వదిలేసింది. తాగిన తర్వాత ముఖం పూర్తిగా నీళ్లలో ముంచి, ఒంటిని అలాగే వదిలేసి, కాసేపు కదలకుండా ఉండటం తనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మెడ నరాలు వదులవుతాయని నేనే చెప్పాను. ప్రతిసారీ ఇంజను వైపు తిరిగి ఉండే మల్లయ్యకు ఆ అలవాటు తెలియదు. నాకు తెలుసు.

మల్లయ్య అటు తిరిగి ఇంజను తాడు లాగుతున్నాడు.

నేను పడవ అంచు మీదకు వంగాను. తన చెయ్యి పట్టుకున్నాను. గట్టిగా. "మునిగింది, మల్లన్నా, పిల్ల మునిగింది," అని అరిచాను.

ఆయన తాడు వదిలేసి ఒక్క ఉదుటున వచ్చాడు. ఇద్దరం కలిసి పైకి లాగాం. సుజాత పెనుగులాడింది, నన్ను తోసింది. మునిగేవాళ్లు అలాగే పెనుగులాడతారని మల్లయ్య ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పడవలో పడ్డాక తను నా ముఖంలోకి చూసింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఏందక్కా? ఎందుకు వట్టుకున్నవ్?"

"మునిగినవ్ సుజీ. తెలివి తప్పింది నీకు."

"లేదక్కా. నాకు మంచిగనే ఉండె."

"నీకు తెల్వదు. పిలిస్తె పలుకలే."

తను ఆలోచించింది. ఆ ఆలోచించడం నేను చూశాను. అన్ని గంటలు నీళ్లలో ఉన్న మనిషి, ఒళ్లంతా వణుకుతోంది, ఏది ముందో ఏది వెనుకో తెలియని స్థితి. నన్ను నమ్మాలా, తన ఒంటిని నమ్మాలా అని వెతుక్కుంది.

"నేను మునిగిన్నా అక్కా?" అంది.

"మునిగినవ్," అన్నాను.

నన్నే నమ్మింది.

చెప్పేయడానికి అప్పుడు సమయం ఉంది. ఒడ్డు చేరేలోపు చెప్పొచ్చు. ఒడ్డు మీద డప్పు ఆగిపోయినప్పుడు చెప్పొచ్చు. సారు పక్కకు పోయి కూర్చున్నప్పుడైనా చెప్పొచ్చు. ఇంతలో నాన్న వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. "నా బిడ్డ పానం నిలవెట్టినవ్ తల్లీ," అన్నాడు. ఆ చెయ్యి కింద నుంచి ఎలా చెప్పాలి?

చేసింది అంతే అయితే, ఒక ఈత చెడగొట్టిన అక్కనని చెప్పుకుని ఊరుకునేదాన్నేమో. అంతటితో అయిపోలేదు. తెలివి తప్పిన పిల్ల కదా. పట్నంలో పెద్ద డాక్టరుకు చూపించారు. మూర్ఛ అయి ఉండొచ్చని అనుమానపడి మాత్రలు రాశారు. నేను చెప్పినదాన్ని బట్టే రాశారు. ఎట్లా పడిపోయింది, ఎంతసేపు పలకలేదు అని ఆయన అడిగితే జవాబు చెప్పింది నేను. ఆ మాత్రలకు తను ఎప్పుడూ మగతగా ఉండేది, మగ్గం దగ్గర కూర్చుని తూలేది. పిల్లకు ఫిట్స్ అంట అనే మాట గద్వాలలో పాకింది. దాదాపు ఖాయమైన సంబంధం ఒకటి తప్పిపోయింది. మళ్లీ నీళ్లలో దిగలేదు. దిగమని అన్నవాళ్లూ లేరు. స్నానానికి పోయినా గడియ పెట్టుకోదు, లోపల పడిపోతే ఎలాగని. అక్కా, నువ్వు లేకుంటె నేను లేను అని ఏడాదికొకసారైనా అంటుంది. నేను విని ఊరుకుంటాను.

ఎందుకు ఊరుకున్నాను? మొదట్లో భయం. ఆ తర్వాత, సిగ్గుగా ఉంది రాయడానికి, ఆ పేరు నాకు నచ్చింది. ఈతలో నాకు రాని పేరు అలా వచ్చింది. పిల్లను కాపాడిన అక్క.

తర్వాత తనకు కొత్తకోటలో పెళ్లయింది. హైవే పక్కన లారీల టైర్ల పని చేసే మనిషి. మంచివాడు. వాళ్లకు ఒక కూతురు. ఇప్పుడు తొమ్మిదో తరగతి, హాస్టల్లో ఉండి చదువుతోంది. ఈ మధ్య ఆ బడిలో ఈత నేర్పుతున్నారట. పిల్ల ఎవరూ చెప్పకుండానే అందరికంటే దూరం పోతోందని టీచరు ఫోన్ చేసిందట. సుజాత ఆ రోజే హాస్టలుకు పోయి పిల్లను ఇంటికి తెచ్చేసింది.

నాకు ఫోన్ చేసింది. "మన రక్తంలనే ఉన్నదేమో అక్కా, నీళ్లల్ల తెలివి తప్పేది. పిల్లకు గూడ తలకాయ పరీక్షలు చేయిస్త. నువ్వు జర తోడు రా. ఆ డాక్టరుకు నువ్వయితెనే మంచిగ చెప్తవ్," అంది.

నువ్వయితేనే మంచిగా చెప్తావు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నా అబద్ధం ఒక తరం దాటి ఇంకో పిల్ల తలలోకి పోతోంది. నేనే దగ్గరుండి తోలుకుపోవాలి.

మర్నాడు బస్సెక్కి కొత్తకోట పోయాను. మధ్యాహ్నం. మరిది దుకాణంలో ఉన్నాడు, పిల్ల బయటికి పోయింది. సుజాత వంటింటి గడప దగ్గర కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. నేను ఎదురుగా కింద కూర్చున్నాను. నీళ్లు కూడా తాగలేదు. తాగితే చెప్పలేనేమో అనిపించింది. అంతా చెప్పాను. వరుసగా చెప్పలేకపోయాను, వెనక్కీ ముందుకీ పోయాను. సారు అన్న మాట చెప్పాను, మళ్లీ అది కారణం కాదన్నాను. నీకేం జబ్బు లేదు, ఎప్పుడూ లేదు అన్నాను. పిల్లకూ ఏమీ లేదు అన్నాను.

తన చేతులు ఆగలేదు. నేను చెప్పడం అయిపోయాక కూడా కాసేపు ఒలిచింది. ఎందుకు చేశావని అడుగుతుందనుకున్నాను. దానికి బస్సులో ఏదో ఒక జవాబు కూర్చుకున్నాను కూడా. తను అది అడగలేదు.

"ఎంత దూరం ఉండె?" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఒడ్డు, అక్కా. ఇంక ఎంత దూరం ఉండె?"

"మనుషులు కనవడుతుండిరి," అన్నాను. "నాయిన తువ్వాల ఊపుతుండె."

తను ఒడిలోని పొట్టు దులుపుకుని లేచింది. లోపలి గదిలోకి పోయింది. నేను ఆ గడప దగ్గరే కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. తను బయటికి రాలేదు. మరిది వచ్చి అన్నం తిన్నారా వదినా అని అడిగితే, తిన్నానని చెప్పి బస్సెక్కాను.

ఆ తర్వాత తన దగ్గర్నుంచి ఫోన్ లేదు. మరిది ఒకసారి చేశాడు. పరీక్షలు వద్దన్నదట. ఎందుకో చెప్పలేదట. పొద్దంతా ఊరికే కూర్చుంటోందట. మీ ఇద్దరికి ఏమన్న అయిందా వదినా అని అడిగాడు. చెప్పాలా వద్దా అన్నది సుజాత చేతిలో ఉంది.

క్షమించమని నేను అడగలేదు. ఏ ముఖంతో అడగను? తను క్షమించినా ఆ మాత్రలు మింగిన రోజులు వెనక్కి రావు. ఆ సముద్రం రాదు. నాన్న లేడు. ఆయన నన్ను దీవించే పోయాడు.

ఇంత రాశాక నాకేమైనా హాయిగా ఉందా అని చూసుకుంటున్నాను. హాయి కాదు. ఇన్నేళ్లూ తన ఈత నా దగ్గర దాచిపెట్టి ఉంది. తెలివి తప్పకుండానే సోమశిల ఒడ్డుకు అంత దగ్గరగా ఈదివచ్చిందని, మిగిలింది కూడా ఈదేసేదని ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు తనకూ తెలుసు. నన్ను తిట్టుకుంటూనో, ఏడుస్తూనో, ఏ లోపలి గదిలోనో కూర్చుని ఆ మిగిలిన కొంచెం దూరం తను లెక్కవేసుకుంటూ ఉంటుంది. వేసుకోనీ. అది తనది.