టీ తాగిన మాస్టారు

వీధిలో అందరూ ఆవిణ్ణి మైనం పిన్ని అంటారు. పాత సామాన్ల పిచ్చివాళ్లు ఏ దేశం వెళ్లినా తగులుతూనే ఉంటారు; వాళ్లకు వస్తువు మీద మోజు. పిన్నికి ఆ వస్తువు వాడి పోయినవాళ్ల మీద బెంగ. వంటింటి పక్క గదిలో తేనెమైనం కరిగించి, చెక్క పలక మీద పాత సంగీత కాగితాలూ, మందుసీసాల లేబుళ్లూ పేర్చి, కుంచెతో పూత వేసి పటాలు చేస్తుంది. కత్తెర ముట్టదు, చేత్తోనే చింపుతుంది. కాగితాలు వెతికి తెచ్చేది ఆవిడ భర్త, మా అందరికీ బాబాయి. ప్రతి కాగితంతో పాటు దాని మనిషి కథ కూడా తెస్తాడు. ఇవాళ చింపిన కాగితం మాత్రం పెళుసుగా విరగలేదు. సాగి చిరిగింది, అంచు తెల్లగా బయటపడింది. వేడి మైనం తగలగానే టీ వాసన కూడా లేచింది.

“ఏమండీ, ఇదెవరిదన్నారు?”

“చెప్పాగా, వయొలిన్ మాస్టారిది. పాపం ఆయన పోతే ఇంటివాళ్లు తూకానికేశారు.”

“మాస్టారు టీ బాగా తాగేవారా?”

బాబాయి చిరిగిన ముక్క అందుకుని తిప్పి చూశాడు. “పాతవి దొరకట్లేదే. నువ్వు చేతులు ముడుచుక్కూర్చుంటే చూళ్లేక, కాస్త టీ డికాషన్‌ పూసి ఆరబెట్టా. కాగితమేగా!”

“మరి మాస్టారు?”

“ఆయన్నీ నేనే కల్పించా.”

పిన్ని గోడ మీది పటాల వంక చూసింది. వాటి సంగతి అడగలేదు. నిన్న సాయంత్రం ఆ మాస్టారి కోసం ఆవిడ ఏడుస్తుంటే, పక్కన కూర్చుని కళ్లు తుడిచింది ఈయనే. ఇప్పుడూ భుజం మీద చెయ్యి వేయబోయాడు.

“ముట్టుకోకండి, కాలుతుంది,” అంది పిన్ని, కుంచె అడ్డం పెట్టి.

కుంచె మీద మైనం అప్పటికే గడ్డకట్టింది.