దబ్బనం మొనకి దొరికిన గొంతు

ఆ రోజుల్లో నాకు తెలియని ఎలక్ట్రానిక్స్ అంటూ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. పాలిటెక్నిక్ పాసై, రాజమండ్రిలో ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపులో కొత్తగా చేరాను. ధవళేశ్వరంలో పెదనాన్న గారింట్లో ఉంటూ రోజూ ఆటోలో వెళ్లి వస్తుండేదాన్ని. పగిలిన అద్దం ఊడదీసి కొత్తది అతికించడమే నేను చేసే పనంతా. అయినా వీధిలో మెడ కాస్త నిటారుగా పెట్టి నడిచేదాన్ని. (ఇప్పుడు తలుచుకుంటే ఆ మెడ మీద జాలేస్తుంది.)

పెదనాన్న గారి ముందుగదిలో వాల్వుల కాలం నాటి చెక్కపెట్టె రేడియో ఒకటుండేది. స్విచ్చి వేస్తే గాజుపలక వెనక పసుపు దీపం వెలిగేది, అంతే, కిక్కురుమనేది కాదు. అయినా ఆయన దాన్ని రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేవారు. ఒకనాడు పెద్దమ్మ కబురు మోసుకొచ్చింది. "కొత్తగా హోటలు పెడుతున్నవాళ్లు రేడియో అడిగారే. లోపలి సామానంతా పీకేసి, బల్బు పెట్టి అలంకారానికి ఉంచుకుంటారట. ఆదివారం వస్తామన్నారు." పెదనాన్న గారు ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. "ఏం చేస్తాం అమ్మడూ, మూగదైపోయింది కదా" అన్నారు నాతో, రేడియో వంక చూడకుండా. నా నోరు ఊరుకుందా? "నేను బాగుచేస్తాను పెదనాన్నా!" అనేశాను.

వెనక అట్ట విప్పి చూశాక తెలిసింది ఎంత పెద్ద మాట అన్నానో. నేను చదువుకున్న చిప్పు ఒక్కటీ లేదందులో. దీపపు బుడ్ల లాంటి గాజు వాల్వులు, వాటి అడుగున చిక్కుపడిన తీగలు, మైనం పూసిన కండెన్సర్లు. దీపాలు పెట్టుకున్న చిన్న ఊరేదో పెట్టెలో కాపురం ఉన్నట్టుంది. మాట ఏ చోట ఆగిపోతోందో తెలియాలంటే సిగ్నల్ ట్రేసర్ కావాలి. రేడియోలో ఒక్కో చోట దాని మొన ఆనిస్తే, అక్కడిదాకా వచ్చిన శబ్దాన్ని అది వినిపిస్తుంది. కొనే తాహతు లేదు కాబట్టి నేనే తయారుచేసుకున్నాను. పాడైన కంప్యూటర్ స్పీకరులోంచి ఆంప్లిఫయరు తీసి సబ్బుపెట్టెలో కూర్చోబెట్టాను. చచ్చిపోయిన ట్రాన్సిస్టరు రేడియోలోంచి డయోడు పీకాను. ఎక్కువ వోల్టేజికి తట్టుకునే కండెన్సర్లు మాత్రం రెండు కొన్నాను, ఒకటి పాడుచేస్తానేమోనని భయపడి. మొన కోసం పెన్ను గొట్టంలో పెద్దమ్మ గోనెసంచులు కుట్టే దబ్బనం బిగించాను. (ఆవిడ అప్పటికి రెండు రోజులుగా దాని కోసం ఇల్లంతా వెతుకుతోంది.)

పనిచేస్తుందో లేదోనని మొనని వేలితో తాకితే 'గుయ్...' మంది. పెదనాన్న గారు కూడా సందేహిస్తూ వేలు పెట్టారు. మళ్లీ 'గుయ్...'. "నాలో కూడా కరెంటుందేంటే?" అని ఆశ్చర్యపోయారు. "ఇంట్లో వైర్లున్నాయి కదండీ, వాటిది మీ ఒంటికి అందుతోంది" అన్నాను. "కరెంటూ లేదు, పాడూ లేదు. ఆయన గొణుగుడే అది. ఇన్నేళ్లుగా వింటున్నాను" అంది పెద్దమ్మ.

ఆదివారం పొద్దున్నే పీట మీద కూర్చున్నాను. ఇలాంటి రేడియో విప్పితే రెండో చెయ్యి జేబులో పెట్టుకోవాలని మా లెక్చరర్ చెప్పేవారు, షాకు గుండెదాకా పాకకుండా. నా డ్రెస్సుకి జేబేదీ? చున్నీని నడుముకి చుట్టి, ఎడమ చెయ్యి అందులో దోపుకున్నాను. పెద్దమ్మ చపాతీ కర్ర పట్టుకుని నా వెనక నిలబడింది. "షాకు కొడితే కర్రతో కొట్టి విడిపించాలటే" అంది.

రేడియో స్విచ్చి వేసి, చివరి వాల్వు దగ్గర దబ్బనం ఆనించాను. ఏమీ లేదు. దాన్ని ఒక మెట్టు వెనక్కి జరిపి, వాల్యూమ్ మీట దగ్గర ఆనించాను.

"...కొబ్బరి మొవ్వులో పురుగు చేరితే రైతు సోదరులు..."

ఎన్నో ఏళ్లుగా మూగదనుకున్న పెట్టెలో మనిషి గొంతు! స్విచ్చి వేసినప్పుడల్లా ఆ గొంతులన్నీ గాలిలోంచి లోపలికి వస్తూనే ఉన్నాయన్నమాట, వాకిలి దాకా వచ్చి తలుపు తెరుచుకోక నిలబడిపోతున్నాయన్నమాట. దబ్బనం తీస్తే నిశ్శబ్దం, పెడితే మనిషి. ఆనందం పట్టలేక కెవ్వుమన్నాను. మరుక్షణం భుజం మీద చపాతీ కర్ర పడింది.

"షాకు కాదు పెద్దమ్మా! మాట, మాట వస్తోంది!"

"ముందు చెప్పొద్దటే!" అంటూ ఆవిడ కర్ర కింద పడేసి భుజం రుద్దింది. పెదనాన్న గారు మాత్రం మా గొడవేదీ వినడం లేదు. చెవిని సబ్బుపెట్టెకి ఆనించి, కొబ్బరి పురుగు గురించి దేవుడి మాట విన్నట్టు వింటున్నారు. ఆయనకి కొబ్బరి చెట్టు ఒక్కటీ లేదు.

వాల్యూమ్ మీటకీ చివరి వాల్వుకీ మధ్య మాటని దాటించే కండెన్సరు లోపల తెగిపోయింది. ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, నా దగ్గర మిగిలిన రెండోది అక్కడ అతికించాను. ఈసారి స్విచ్చి వేస్తే, వాల్వులు వేడెక్కిన కాసేపటికి గది నిండా గొంతు పరుచుకుంది.

అంతలో హోటలు వాళ్లు ఇద్దరొచ్చారు. "పాడితే పాడిందిలెండి, మాకు పెట్టె చాలండి. లోపలిదంతా ఎలాగూ తీసేస్తాం" అన్నాడు ఒకాయన. పెదనాన్న గారు రేడియో మీద చెయ్యి వేసి నిలబడ్డారు. కాదనడం అలవాటు లేని నోరది.

"ఇవ్వలేనండి. ఏమీ అనుకోకండి," అన్నారు చివరికి, "లోపల మనుషులున్నారండి."

వచ్చినవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తాను. ఈయనకి రేడియో సిద్ధాంతం ఎప్పటికి బోధపరుస్తానా అని దిగులుపడ్డాను కూడా. ఇన్నేళ్లకి ఆ సిద్ధాంతం నాకే సగం గుర్తులేదు. చున్నీలో చెయ్యి దోపుకుని విరగబడి నవ్విన ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే మాత్రం, నవ్వింది చాలు గానీ, వెళ్లి ఆయన పక్కన కాసేపు కూర్చుని వినవే అని చెప్పాలనిపిస్తుంది.