బొటనవేలి కింద దారం

పక్షవాతం వచ్చి తేరుకున్న మనిషి చేతికి చేపల గాలం ఇచ్చే వైద్యం ఏ దవాఖానలోనూ ఉండదు. అది ఉప్పలయ్య పక్కింటి నజీర్ సొంత బుర్రలో పుట్టింది. మస్కట్‌లో డ్రైవర్‌గా పనిచేసి వస్తూ తెచ్చుకున్న రీల్ ఒకటి అతని దగ్గరుంది. గాలం విసరగానే దాని చక్రం గిర్రున తిరుగుతూ దారం వదులుతుంది. చివరనున్న సీసం గుండు నీళ్లను తాకే లోపు బొటనవేలితో చక్రాన్ని ఆపాలి. ఆలస్యమైతే దారమంతా చక్రం మీదే చిక్కు పడుతుంది.

పక్షవాతంతో ఉప్పలయ్యకు పోయింది కుడిచేతి బొటనవేలి స్పర్శే. మాట వచ్చింది, నడక వచ్చింది, వేలు కూడా కదులుతోంది. కానీ దానికి వేడీ తెలియదు, చల్లదనమూ తెలియదు. దుబ్బాకలో పుట్టి, సిద్దిపేటలో స్థిరపడి, బతుకంతా మగ్గం నేసిన మనిషి. పోగు తెగితే కంటికంటే ముందు ఆ వేలికే తెలిసేది. ఇప్పుడు తెలియక నేసుకుంటూ పోయి చీరలు పాడుచేశాడు. నూలు ఇచ్చే దామోదర్ సేటు, వేలు బాగయ్యాకే రమ్మన్నాడు. మగ్గం లేకపోతే ఉప్పలయ్యకు పొద్దు ఎట్లా గడపాలో కూడా రాదు.

"వేలుకు పని చెప్తే అదే దారికొస్తదే, అన్నా" అన్నాడు నజీర్.

"కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అంది ఉప్పలయ్య భార్య కొండవ్వ, బీడీలు చుడుతూ. అన్నదే గానీ, రోజూ పొద్దున ఇద్దరికీ చాయ్ పోసి చెరువుకు పంపింది.

చక్రం తిరగడం మొదలవగానే ఉప్పలయ్య పట్టేసేవాడు. మగ్గం దగ్గర నూలు చుట్టిన కండె ఒట్టిగా తిరిగిందంటే పోగు తెగినట్టే. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? గుండు కాళ్ల దగ్గరే పడేది.

"పోనియ్యన్నా. గది చీర కాదు, చెరువు."

వదిలేస్తే చిక్కు పడేది. నజీర్ కత్తెర తీస్తే ఉప్పలయ్య కోప్పడేవాడు. "దారం తెంపుడు మా ఇంట్ల లేదు" అని కట్ట మీద కూర్చుని ఎండెక్కేదాకా విప్పేవాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. అది ఇలాంటి వాళ్లను చూసే అని ఉంటారు.

ఒకరోజు గుండు దూరంగా పోయి పడింది. చక్రం సరిగ్గా ఆగింది. చిక్కు లేదు. మళ్లీ విసిరాడు, మళ్లీ ఆగింది. ఇక ఆపమన్నా ఆపకుండా విసిరాడు.

"వేలుకు తెలుస్తుంది నజీర్ భాయ్" అన్నాడు ఉప్పలయ్య. కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపే సేటు దగ్గరికి పోతా."

నజీర్‌కూ సంతోషం ఆగలేదు. దారం చుట్టి పెడదామని రీల్ అందుకున్నాడు. అరచేయి తడిగా తగిలింది. చూస్తే నెత్తురు.

"అన్నా, నీ వేలు చూపెట్టు."

గుంజుకుపోయే దారం వేలిని లోతుగా కోసింది. నెత్తురు మణికట్టు దాకా కారింది.

"మరి వేలుకు తెల్వకుంటే ఎట్ల ఆపినవే?"

"చక్రం చప్పుడు మారంగనే నొక్కిన" అన్నాడు ఉప్పలయ్య.

బతుకంతా కండె చప్పుడు విన్న చెవి అది. ఇన్నాళ్లూ పని నేర్చుకున్నది వేలు కాదని ఇద్దరికీ అర్థమైంది. నజీర్ జేబులోంచి రుమాలు తీశాడు. ఉప్పలయ్య కట్టనివ్వలేదు. ఎడమచేతి గోటిని గాయంలోకి గుచ్చి, నజీర్ ముఖంలోకి చూశాడు.

"ఇంతనన్న నొస్తలేదు నజీర్ భాయ్."